ఉక్కునగరం కంపలో మేకల మంద

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా గుడివాడలో ఎవరు కనపడినా సముద్రం సంగతే అడుగుతున్నారు. సముద్రం చూశాను, ఓడలూ చూశాను, ఇంకా కడుతూనే ఉన్న ఉక్కు కర్మాగారం గొట్టాల్ని దూరం నుంచి మెడ నొప్పి పుట్టేలా చూశాను. కానీ అక్కడ ఉన్నన్నాళ్లూ నేను కళ్లప్పగించి చూసింది మాత్రం మేకల్ని. ఛార్జీలు పెట్టుకుని అంత దూరం పోయి మేకల్ని చూసొచ్చావా అని మా ఆయన ఇంకా ఎగతాళి చేస్తూనే ఉన్నారు. ఆయనకు చెప్పి లాభం లేదు. మీకు చెబుతాను.

కూర్మన్నపాలెం

బస్సు దిగేసరికి మా తమ్ముడు ప్రసాదు సైకిలు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వాడు ఉక్కునగరంలో ఖాళీ జాగాలు శుభ్రం చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మా మరదలు లలిత అక్కడి బడిలో టీచరు. క్వార్టరు ఆమె పేరు మీదే ఉంది. ఆ సంగతి ఆమె రోజుకు ఒక్కసారైనా వాడికి గుర్తుచేస్తుంది.

కూడలిలో నిలబడితే మన జిల్లాలన్నీ ఒక్కచోటే వినపడతాయి. ఒకడు మన కృష్ణా యాసలో బస్సును తిడుతుంటే, పక్కనే గోదావరి ఆయన "ఆయ్" అంటూ వత్తాసు పలుకుతున్నాడు. భోజనం హోటళ్ల బోర్డుల మీద కూడా ఎవరి ఊరి పేరు వాళ్లు రాయించుకున్నారు. మా ఊళ్లో రూపాయికి దొరికే కొబ్బరిబోండం ఇక్కడ రెండు రూపాయలు చెప్పాడు. సముద్రం పక్కనే ఇంత కొబ్బరి పెట్టుకుని ఇదేం ధర అని అడిగితే, ఉక్కు జీతాలోళ్లు వచ్చాక ఇదే ధరమ్మా అన్నాడు. మే నెల ఉక్కపోతకు నేనింక మాట్లాడలేక తాగేశాను.

ఇంటికి చేరగానే లలిత టీ ఇచ్చింది. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాను. పచ్చి వేపాకు రసంలా ఉంది. పాలు మాడబెట్టిందనుకుని, పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, పాలు ఎలా కాచాలో నాలుగు మాటలు చెప్పాను. ఆమె అంతా విని, పాల వ్యాను రాలేదని, అవి మేక పాలని, మేక వయ్యారిభామ తిన్నట్టుందని నిదానంగా చెప్పింది. రైలు పట్టాల పక్కన తెల్లగా నువ్వుల్లాంటి పూలతో పెరిగి, తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ పిచ్చిమొక్క మా ఊళ్లోనూ ఉంది. పశువులు దాన్ని ముట్టవు. ఆకలెక్కువై ముట్టాయా, పాలు ఇలా చేదెక్కిపోతాయి. నేను పాల పాఠం అక్కడితో ఆపేశాను.

సెక్టారు వెనక

ఆ మేక ఎవరిదో చూద్దామని మర్నాడు పొద్దున్నే ప్రసాదుతో సెక్టారు వెనక్కి వెళ్లాను. ఒకప్పుడు అదంతా ఊళ్లవాళ్ల చోడి చేలు (రాగిని ఇక్కడ చోడి అంటారు), మేత బీళ్లు. కర్మాగారానికి తీసుకున్నాక కట్టినంత మేర కట్టారు. మిగిలినదాన్ని సర్కారు తుమ్మ ఆక్రమించుకుంది. ఆ ముల్లు చెప్పులోంచి దూసుకొచ్చి అరికాలిని పలకరిస్తుంది. నన్ను పలకరించింది కాబట్టి చెబుతున్నాను.

ప్రసాదు నాకు తన తలనొప్పి అంతా అక్కడే నిలబెట్టి వివరించాడు. మనుషుల్ని పెట్టి కంప నరికిస్తే, తొలకరి పడగానే ప్రతి మోడుకీ పది చిగుళ్లు వస్తాయి. మళ్లీ కూలి పెట్టి నరికించాలి. కాంట్రాక్టరుకు వచ్చేది ఒక్కసారి డబ్బు, పెట్టేది రెండు మూడు సార్లు. అందుకని కిందటేడు మా ప్రసాదుకు ఒక ఆలోచన వచ్చింది. మనుషులు ఒక్కసారి నరుకుతారు. తర్వాత వచ్చే లేత చిగురు మేకలు కొరుకుతాయి, గడ్డి గొర్రెలు చూసుకుంటాయి, రాలిన తుమ్మకాయ రెండూ కలిసి ఊడ్చేస్తాయి. కాయ నేల మీద మిగలకపోతే కొత్త మొక్క ఎక్కడిది? కాంట్రాక్టరుకు ఆలోచన తెగ నచ్చింది. ఎంత నచ్చిందంటే, మీ మేకలు మా జాగాలో మేస్తున్నాయి కాబట్టి మేత రుసుము కట్టమని మందవాళ్లనే అడిగాడట.

దానికి మందవాళ్లలో నూకాలమ్మ అనే ఆవిడ ఇచ్చిన జవాబు ప్రసాదు నాకు రెండుసార్లు చెప్పాడు. "నీ కూలోలు కంప కోత్తన్నారు కదా బాబూ, ఆలు నీకు డబ్బులిచ్చి కోత్తన్నారేటి?" అందట. చివరికి ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చుకోకూడదని రాజీపడ్డారు.

నూకాలమ్మ మొగుడు సింహాద్రి. తుమ్మ నీడలో కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డ పొడుగాటి మనిషి. ఆయన తండ్రి కూడా ఈ నేల మీదే మేపాడట. నూకాలమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతోంది. నేను హడలిపోయి నాలుక కాలదా అని అడిగాను. సముద్రపు గాలికి ఇలా తాగితేనే ఆరకుండా ఉంటుందని, అలవాటైతే ఏమీ కాదని చెప్పి, నాకూ ఒకటి ఇవ్వబోయింది. మా ఆయనకు ఈ భాగం చెప్పలేదు.

మరి ఎవరూ ఏమీ ఇవ్వకపోతే వీళ్లు బతికేదెలా అని అడిగాను. మందతో, అన్నాడు సింహాద్రి. ఎండాకాలం చివర మందను తోలుకుని పద్మనాభం వైపు నడుస్తారు. అక్కడి రైతులు దుక్కుల్లో రాత్రిళ్లు మందను పడుకోబెట్టించుకుంటారు. ఎరువు రైతుది. బదులుగా తిండిగింజలు కాపరివి, ఆ రోజుల్లో తిండి కూడా రైతు ఇంటిదే. మా వైపూ అంతే. మా చిన్నప్పుడు మంద ముందు మా చేలో పడాలా, పెదనాన్న చేలో పడాలా అని ఇంట్లో పెద్ద పంచాయతీలే జరిగేవి. అంటే ఉక్కునగరం కంప జీవాల కడుపు నింపుతుంది, పద్మనాభం చేలు వీళ్లిద్దరి కడుపు నింపుతాయి. రెంటిలో ఏది పోయినా మంద నిలవదు.

పద్మనాభం

మందను తోలే ముందు సింహాద్రి ఒకసారి వెళ్లి రైతు మాట పుచ్చుకుని వస్తాడు. ఈసారి ఎందుకో ప్రసాదును తోడు రమ్మన్నాడు. పద్మనాభంలో కొండమీద గుడి ఉందని విని నేనూ బయల్దేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఎండుచేపల బుట్ట నా ఒళ్లో పెట్టి, టికెట్టు డబ్బులు వెతుక్కుంటూ అలాగే నిద్రపోయింది. దిగేదాకా ఆ బుట్ట నాదే అయింది.

రైతు పేరు అప్పలనాయుడు. సింహాద్రిని చూడగానే "రా బావ, ఎండన పడి వచ్చినావు" అంటూ కాళ్లకు నీళ్లిచ్చాడు. చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ, నెత్తళ్ల చేపల వేపుడు పెట్టారు. అంబలి అంటే మా వైపు జబ్బు మనిషికి ఇచ్చేదని నా అభిప్రాయం. రెండో ముంత నేనే అడిగి పోయించుకున్నాను. వడ్డించింది ఆయన కోడలు గౌరి. ఆ పిల్ల ఒక కాలు మునివేళ్ల మీద మోపి కుంటుతూ నడుస్తోంది.

భోజనాలయ్యాక అప్పలనాయుడు మమ్మల్ని చేలోకి తీసుకెళ్లాడు. మడి నుంచి మెరకకు ఎక్కగానే ఒక చెక్క చోడి చేను ఉంది. కోత అయిపోయి మోళ్లు మిగిలాయి. ఆ మోళ్ల మధ్య జానెడు, మూరెడు ఎత్తున సర్కారు తుమ్మ మొక్కలు. గట్టుకు అటువైపు ఒక్కటీ లేదు. కిందటేడు మంద ఎక్కడ పడుకుందో అక్కడే ఉన్నాయి.

అప్పలనాయుడు గొంతు పెంచలేదు. కలుపు తీస్తుంటే గౌరి కాల్లో ముల్లు విరిగిందని, చీము పట్టి ఆ పంటకాలమంతా ఆమె మంచం దిగలేదని చెప్పాడు. ఊరంతా తమ వంక చూస్తున్నారని, మిగతా రైతులు కూడా ఇదే మాట అనుకున్నారని చెప్పాడు. చివరికి సింహాద్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ మీద కోపం నేదు బావ. మంద మాత్రం తేకు."

సింహాద్రి మొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఉండిపోయాడు. తర్వాత బస్సులో విషయం ఆయనే చెప్పాడు. మన పాత నల్ల తుమ్మ కాయ తింటే మేక నెమరేసేటప్పుడు గింజల్ని ఉమ్మేస్తుందట. ఆ గింజలు ఊడ్చి పారేసి మందను చేలోకి తోలడం తాతల నాటి అలవాటు. కిందటేడూ అలాగే ఊడ్చి తోలారు. ఈ సర్కారు తుమ్మ గింజ చిన్నది. మేక దాన్ని ఉమ్మదు, అరిగించుకోదు. అది పెంటికలో పడి, ఎరువు పక్కనే పెట్టుకుని హాయిగా మొలుస్తుంది. మేము ఉక్కునగరంలో కలుపు తీసి దాన్ని మోసుకెళ్లి గౌరి చేలో నాటామన్న మాట. దారి పొడుగునా ప్రసాదు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. కొండ ఎక్కాలన్న సంగతి నాకు ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

పట్నంలో ఒక పూట

నా మనసు తేలికపడాలని లలిత నన్ను పట్నం తీసుకెళ్లింది. రేవు వైపు ఎర్రటి ఇనుప రాతి ధూళి పడి చెట్ల ఆకులు కూడా జేగురు రంగులో ఉన్నాయి. ఓడ అంటే తెల్లగా ఉంటుందనుకున్నాను, తుప్పు పట్టి ఉంది. సముద్రం మాత్రం నన్ను నిరాశపరచలేదు. చేపల దగ్గర గంగమ్మ బిడ్డలతో బేరమాడబోయి ఓడిపోయి వంజరం కొన్నాను. చెరువు చేప తిన్న నోటికి సముద్రపు చేప ఎక్కదని ఇన్నాళ్లూ వాదించిన మనిషిని. ఇప్పుడు ఆ వాదన వదిలేశాను.

తిరిగి వస్తుంటే కూడలి దగ్గర మాంసం కొట్టాయన లలితను పలకరించాడు. సింహాద్రి మంద అమ్మకానికి వస్తోందట కదా అన్నాడు. పద్మనాభం కబురు మాకంటే ముందే కూర్మన్నపాలెం చేరింది. వానలు పడి మేత చిగిర్చేదాకా ఆగలేడు, ఎంతకైనా ఇచ్చేస్తాడు, తొందరేమీ లేదు అంటూ కత్తి నూరుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు, వ్యాపారం అది. నాకు మాత్రం చేతిలో చేప సంచి బరువెక్కింది.

సాయంత్రం సింహాద్రి వచ్చి అదే మాట ప్రసాదుతో అన్నాడు. జీవాలు అమ్మేసి కర్మాగారం కట్టుబడి పనిలో కూలికి చేరతాడట. నూకాలమ్మ పద్మనాభం కబురు విన్నప్పటి నుంచీ మొగుడితో మాట్లాడటం మానేసిందట. తండ్రి మేపిన నేల మీదే తట్టలు మోయడానికి సిద్ధపడ్డాడు కానీ, ఖాళీ దొడ్డి వంక ఆవిడ ఎలా చూస్తుందోనన్నదే ఆయన బెంగ.

పెరటి వెనక

ఆ రాత్రి నాకు మా బర్రె జ్ఞాపకం వచ్చింది. ఒకసారి అది కట్టు తెంచుకుని మినుముల బస్తాలో తలపెట్టింది. తర్వాత నాలుగైదు రోజులు పెంటకుప్ప మీద మినుములు మొలిచాయి. ఆ తర్వాత మొలవలేదు. కడుపులో ఉన్నది అయిపోయింది, అంతే.

పొద్దున్నే మంద దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పాను. తుమ్మకాయ దొరకని చోట కట్టి, వేరే మేత పెట్టి, కడుపు శుభ్రపడ్డాక తోలితే? సింహాద్రి కళ్లు మెరిశాయి. నూకాలమ్మ మాత్రం చుట్ట తీసి, అన్నాళ్లూ వాటికి ఏం పెడతావమ్మా అని అడిగింది. మేత కొనగలిగితే వాళ్లు కంపలోకే వచ్చేవాళ్లు కాదు కదా.

ఇక్కడ ప్రసాదు తెలివి పనికొచ్చింది. గాలివానలకు ముందు రోడ్ల పక్క చెట్ల కొమ్మలు కొట్టించే పని కూడా వాడి కాంట్రాక్టరుదే. ఆ రొట్టంతా లారీలో ఎత్తి పారబోయించడానికి ఆయన డబ్బు పెడుతున్నాడు. ఆ రొట్ట మేకలకు వేస్తే లారీ ఖర్చు తప్పుతుందని చెప్పేసరికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. తనకు లాభం కనపడితే ఎంత చురుగ్గా ఆలోచిస్తాడో! క్వార్టరు వెనక ఊడ్చిన జాగాలో మందను కట్టారు.

మొదటి సాయంత్రం నూకాలమ్మ వచ్చి మా పెరటి మెట్టు మీద కూర్చుంది. ఏం కావాలని లలిత అడిగితే ఏమీ వద్దంది, కానీ లేవలేదు. లలితకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మంద పడుకున్న నేల ఎవరిదైతే వాళ్లింటి నుంచి అన్నం రావాలి. కాపరి అడగడు. అడిగితే అది అడుక్కోవడం అవుతుంది.

"ఈ జాగా నాది కాదు కదా వదినా," అంది లలిత.

"నీది కాదు, కాంట్రాక్టరుదీ కాదు. మరి ఆవిడ ఎవరి మెట్టు మీద కూర్చోవాలి?" అన్నాను.

లలిత లోపలికెళ్లి అన్నం, వంజరం పులుసు ఇద్దరికి సరిపడా తెచ్చింది. మేకల కంపుకు కిటికీలు మూసుకున్న మనిషి, మర్నాటికి పక్క క్వార్టర్లవాళ్లకు కూడా వంతులు వేసేసింది. టీచరు కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు. ఒక పూట శ్రీకాకుళం వంట, ఒక పూట తణుకు వంట. నూకాలమ్మ అన్నీ తిని గోదావరి వాళ్లు కూరలో బెల్లం వేస్తారని మొహం చిట్లించింది. ఒక పోతు మేక మాత్రం ఒకరోజు కట్టు విప్పుకుని లలిత జాజి పందిరినీ, తీగ మీద ఆరేసిన నా జాకెట్టు చేతినీ మేసింది. నేను కొంగు కప్పుకుని ఆ జాకెట్టుతోనే తిరిగాను.

రోజూ పొద్దున్నే నేనూ నూకాలమ్మా పక్కపక్కన కూర్చుని పెంటికలు చిదిపి గింజలకు వెతికేవాళ్లం. మొదట్లో దండిగా వచ్చేవి. తర్వాత తర్వాత తగ్గి, ఒక పొద్దున ఒక్కటీ కనపడలేదు. నూకాలమ్మ లేచి వెళ్లి మొగుడితో మాట్లాడింది. ఏం మాట్లాడిందో దూరం నుంచి వినపడలేదు కానీ, ఆ మనిషి నవ్వడం చూశాను. నా ప్రయాణం వాయిదా వేశానని మా ఆయనకు కార్డు రాశాను.

మళ్లీ పద్మనాభం

మంద పెందుర్తి, ఆనందపురం మీదుగా నడిచింది. నూకాలమ్మ ముందు నడుస్తూ దారిలో రాలిన తుమ్మకాయల్ని ఊడ్చుకుంటూ పోయిందట. మేము బస్సులో వెళ్లి ఊరి బయట వాళ్లను కలుసుకున్నాం. ఎండ వాలుతోంది. అప్పలనాయుడు కబురు అందుకుని గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

ప్రసాదు జరిగిందంతా చెప్పాడు. ఆయన విని, కిందికి వంగి, గుప్పెడు పెంటికలు ఏరి అరచేతిలో ఒక్కొక్కటే చిదపడం మొదలుపెట్టాడు. నాకు పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టుంది. ఒక గుప్పెడు అయింది, ఏమీ లేదు. రెండో గుప్పెడు. అందులో ఒక గింజ ఉంది. చిన్నది, గోధుమ రంగుది. ఆయన దాన్ని వేలి కొసన పెట్టి సింహాద్రికి చూపించాడు.

సింహాద్రి నిజం చెప్పాడు. దారిలో ఎక్కడో ఒకటి రెండు తిని ఉంటాయని, అన్నిటినీ ఆపలేమని, ఒక్కటీ మొలవదని తాను మాట ఇవ్వలేనని అన్నాడు. నేను మధ్యలో దూరి ఒక్క గింజే కదా అనబోయి ఊరుకున్నాను. ముల్లు విరిగింది నా కాలిలో కాదు.

అప్పలనాయుడు కూడా అదే అనుకున్నట్టుంది. చేను నాది గానీ కాలు దానిది అని, ఇంటికి కబురు పెట్టి కోడల్ని పిలిపించాడు. గౌరి కుంటుకుంటూ గట్టు మీదికి వచ్చింది. మామ చేతిలోని గింజ చూసింది. మందను చూసింది. మగవాళ్లెవరితోనూ మాట్లాడకుండా నేరుగా నూకాలమ్మనే అడిగింది.

"మొలిత్తే ఎవులు పీకుతారు?"

"నాను వత్తాను," అంది నూకాలమ్మ. "తొలి వానకి మొలుత్తాయి. పది రోజులుండి అన్నీ పీకీసి ఎల్తాను. మళ్లీ వానకీ వత్తాను."

గౌరి ఆవిడ కాళ్ల వైపు చూసింది. మందవాళ్లు టైరు ముక్కలతో కుట్టిన మందపాటి చెప్పులు వేసుకుంటారు. చేలో పనిచేసే ఆడవాళ్లకు చెప్పులుండవు.

"ఒట్టి కాళ్లతోనే దిగాల," అంది.

నూకాలమ్మ వంగి చెప్పులు విప్పి గట్టు మీద పెట్టింది. "ఒట్టి కాళ్లతోనే దిగుతాను."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకు దాచడం. ఎవరికి ఎవరు ఎంత ఇవ్వాలని కాంట్రాక్టరు, మా తమ్ముడు, నేను కూడా ఎన్నో రకాలుగా లెక్కలు వేశాం. ఈ ఒక్క ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు.

గౌరి గట్టు దిగి దారి ఇచ్చింది. "వాన పడ్డ రోజే వచ్చీ," అంది నూకాలమ్మతో. "మొక్క లేతగా ఉన్నప్పుడయితే నానూ నీతో కూకుని పీకుతాను."

సింహాద్రి నోటితో చిన్న చప్పుడు చేశాడు. మంద దుక్కిలోకి దిగి, కాసేపు తిరిగి, ఒక్కొక్కటే మోకాళ్లు మడుచుకుని కూలబడింది.